శుక్రవారం రాత్రి కాట్పాడిలో ఎక్కి కూనూరు చేరడం: తిరుపతి, చిత్తూరు వాళ్ళకి కొండ రైలు వారాంతం

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల వాళ్ళకి చల్లటి చోటు అంటే మొదట గుర్తొచ్చేవి హార్సిలీ హిల్స్, ఏలగిరి. రెండూ బాగుంటాయి, కానీ రెండింటికీ రోడ్డు దారే. రైలెక్కి కొండ మీదికి పోవాలంటే నీలగిరికే పోవాలి. అంత దూరం శని, ఆదివారాల్లో అయ్యే పని కాదని చాలామంది ఆ ఆలోచన మానుకుంటారు. నిజానికి ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా అవుతుంది. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే శనివారం ఉదయం పదిన్నరకల్లా కూనూరులో ఉంటారు, సోమవారం ఉదయం ఆఫీసు టైముకి ఇల్లు చేరతారు. అయితే రెండు రైళ్ళ టికెట్లు సరైన రోజున, సరైన వరసలో చేతికి రావాలి. ఈ ప్రయాణం చెడేది ఎక్కువగా అక్కడే. అందుకే టికెట్ల సంగతి కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

ఊటీ దాకా ఎందుకు వద్దు

నీలగిరి కొండ రైలు మెట్టుపాళయంలో మొదలై కూనూరు మీదుగా ఊటీ దాకా 46 కిలోమీటర్లు నడుస్తుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా లైను వేశారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దారి మొత్తం మీద 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 వంపులు ఉన్నాయి. సముద్ర మట్టానికి 326 మీటర్ల ఎత్తులో బయల్దేరిన రైలు 2,203 మీటర్ల ఎత్తున ఆగుతుంది.

ఈ లైనుకి పేరు తెచ్చిన పళ్ళ పట్టా, అంటే నిటారు దారిలో జారకుండా ఇంజన్ పళ్ళ చక్రం పట్టుకుని ఎక్కే రంపపు పళ్ళలాంటి ఇనుప కడ్డీ మాత్రం కల్లార్ నుంచి కూనూరు దాకానే ఉంది. ఆవిరి ఇంజన్ పని చేసేది కూడా కూనూరు దాకానే. అక్కడ డీజిల్ ఇంజన్ తగిలిస్తారు, మిగిలిన 19 కిలోమీటర్లు మామూలు పట్టాల మీద ఊటీకి పోతుంది. ఆ భాగం కూడా అందమైనదే, కాదనం. కానీ ఉన్నది రెండు రోజులు. ఊటీలో వారాంతం అంటే ట్రాఫిక్, బోట్‌హౌస్ క్యూలు, హోటల్ గది అద్దె రెట్టింపు. కూనూరు దానికన్నా కాస్త కిందుంటుంది, చలి అంతగా కొరకదు, సాయంత్రానికి ఊరు సద్దుమణుగుతుంది. ప్రశాంతత కోసం పోయేవాళ్ళు కూనూరులో దిగడమే మేలు.

ముందు నెల చూసుకోండి

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఈ ప్రయాణం పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాం. కల్లార్–కూనూరు లైను కొండకి తూర్పు వైపు వాలులో ఉంది, ఈశాన్య రుతుపవనాల వాన నేరుగా ఆ వాలు మీదే పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడి తిరుపతిలో కుండపోతగా కురిసే రోజుల్లోనే అక్కడ కొండచరియలు విరిగి, బండరాళ్ళు, చెట్లు పట్టాల మీద పడతాయి. రైలు ఒక్క రోజే కాదు, వరసగా చాలా రోజులు రద్దు కావచ్చు. టికెట్ డబ్బు తిరిగొస్తుంది కానీ వారాంతం పోయినట్టే.

జనవరి నుంచి మార్చి దాకా అన్నింటికన్నా మంచి కాలం. ఆకాశం తేటగా ఉంటుంది, లోయలు స్పష్టంగా కనిపిస్తాయి, జనం తక్కువ. రాత్రిళ్ళు చలి బాగానే ఉంటుంది, స్వెటర్, చెవులకి మఫ్లర్ తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 42 డిగ్రీల ఎండలో ఉన్నప్పుడు పోవాలనిపించడం సహజమే, కానీ తమిళనాడంతా అదే అనుకుంటుంది. అప్పుడు టికెట్ దొరకడం కష్టం. వేసవిలో రైల్వే ప్రత్యేక కొండ రైళ్ళు కూడా వేస్తుంటుంది. సేలం డివిజన్ ప్రకటనలు గమనిస్తూ ఉంటే వాటిలో సీటు సంపాదించవచ్చు.

టికెట్లు: సోమ, మంగళ, బుధ

కావలసిన రైళ్ళు రెండు. ఒకటి చెన్నై సెంట్రల్ నుంచి మెట్టుపాళయం పోయే నీలగిరి ఎక్స్‌ప్రెస్, నంబరు 12671. రాత్రి పదకొండు ప్రాంతంలో కాట్పాడిలో ఆగి, తెల్లవారి ఆరుంబావు ప్రాంతంలో మెట్టుపాళయం చేరుతుంది. రెండోది అదే స్టేషన్ నుంచి ఉదయం 7.10కి బయల్దేరే కొండ రైలు, 56136. ఈ రెండూ ఒకదానికొకటి అందేలా వేసిన రైళ్ళే. కాబట్టి తిరుపతి వాళ్ళు చెన్నై పోనక్కర్లేదు, కోయంబత్తూరులో మారనక్కర్లేదు.

రిజర్వేషన్ ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది. లెక్క వేస్తే ఇలా వస్తుంది:

1. శుక్రవారం రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్‌కి బుకింగ్ తెరిచేది ఒక సోమవారం. కాట్పాడి నుంచి మెట్టుపాళయానికి తీసుకోండి.
2. శనివారం ఉదయం కొండ రైలుకి మర్నాడు, అంటే మంగళవారం. మెట్టుపాళయం నుంచి కూనూరుకి. స్టేషన్ కోడ్‌లు ఎంటీపీ, ఓఎన్ఆర్.
3. ఆదివారం తిరుగు ప్రయాణానికి బుధవారం. కూనూరు నుంచి మెట్టుపాళయానికి కొండ రైలు 56137, అదే రాత్రి మెట్టుపాళయం నుంచి కాట్పాడికి నీలగిరి ఎక్స్‌ప్రెస్ 12672. రెండూ ఒకేరోజు తెరుచుకుంటాయి. మొదట కొండ రైలు తీసుకుని, తర్వాత రెండోది.

మూడు రోజులకీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అన్నింటికన్నా ముఖ్యమైనది మంగళవారం. కొండ రైలుకి ఉండేవి మూడు నాలుగు చిన్న పెట్టెలే, అందుకే వారాంతపు సీట్లు చాలా త్వరగా అయిపోతాయి. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ముందే పూర్తి చేసి ఉంచండి. అది లేని ఖాతాలతో బుకింగ్ తెరిచిన వేళ టికెట్ కొనడం ఇప్పుడు కుదరదు. ప్రయాణికుల పేర్లు, వయసులు కూడా ముందే ఖాతాలో మాస్టర్ లిస్టులో ఎక్కించి పెట్టుకుంటే ఆ రెండు నిమిషాలు కలిసొస్తాయి.

కొండ రైలుకి వెయిటింగ్ లిస్టు చూపిస్తే దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సీట్లే తక్కువ, రద్దు చేసేవాళ్ళు ఇంకా తక్కువ. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్‌లో ఉన్న ఈ-టికెట్ దానంతటదే రద్దవుతుంది, దానితో రైలెక్కకూడదు. అలాంటప్పుడు రెండు దారులున్నాయి. మెట్టుపాళయం కౌంటర్లో ఆ ఉదయం కొద్దిపాటి అన్‌రిజర్వ్‌డ్ టికెట్లు ఇస్తారు. కానీ నీలగిరి ఎక్స్‌ప్రెస్ దిగి పరుగెత్తేసరికి క్యూ పెరిగిపోయి ఉంటుంది, పిల్లాపాపలతో వెళ్ళేవాళ్ళకి అది నమ్ముకోదగ్గ దారి కాదు. మేము చెప్పేది రెండో దారి: పైకి బస్సులో వెళ్ళి, కిందికి కొండ రైలులో రండి. కిందికి వచ్చే సీట్లు కాస్త తేలిగ్గా దొరుకుతాయి. పళ్ళ పట్టా, సొరంగాలు, వంతెనలు అన్నీ అవే. ఎక్కేటప్పుడు ఇంజన్ పడే ప్రయాస ఒక్కటే వినపడదు.

నీలగిరి ఎక్స్‌ప్రెస్‌కి కాట్పాడి నుంచి బెర్తులు లేవని చూపించినా వెంటనే వదిలేయకండి. చెన్నై సెంట్రల్ నుంచి వెతకండి. అక్కడ ఉంటే చెన్నై నుంచే టికెట్ తీసుకుని, బుక్ చేసేటప్పుడే ఎక్కే స్టేషన్‌గా కాట్పాడి పెట్టండి. కాస్త ఎక్కువ డబ్బు కట్టాలి కానీ పద్ధతి ప్రకారమే. ఎక్కే స్టేషన్ మార్చకుండా ఊరుకుంటే మాత్రం చెన్నైలో మీరు రాలేదని టీటీఈ ఆ బెర్తు వేరేవాళ్ళకి ఇచ్చేయవచ్చు.

శుక్రవారం సాయంత్రం

తిరుపతి నుంచి వేలూరు బస్సులు చిత్తూరు, కాట్పాడి మీదుగా పోతాయి. కాట్పాడి దాకా వంద కిలోమీటర్లు దాటుతుంది, సుమారు మూడు గంటలు వేసుకోండి. సాయంత్రం ఆరు లోపు తిరుపతి బస్టాండులో ఎక్కాలి. చిత్తూరు వాళ్ళకి గంట ప్రయాణమే, ఎనిమిదికి బయల్దేరినా సరిపోతుంది. కండక్టరుకి కాట్పాడి రైల్వే స్టేషన్ అని ముందే చెప్పండి. నిద్రపోయి వేలూరు బస్టాండులో దిగితే పాలారు దాటి మళ్ళీ వెనక్కి రావాలి, రాత్రిపూట ఆటో వాళ్ళు అడిగింది ఇవ్వాల్సొస్తుంది. తిరుపతి–కాట్పాడి ప్యాసింజర్ రైళ్ళు కూడా ఉన్నాయి కానీ ఆలస్యమైతే ఆ రాత్రి వేరే గతి ఉండదు. శుక్రవారానికి బస్సే నమ్మకం.

రాత్రి భోజనం ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకుపోతే హాయి. ప్లాస్టిక్ కవర్లలో మాత్రం వద్దు. నీలగిరి జిల్లాలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్, చిన్న నీళ్ళ సీసాలతో సహా, నిషిద్ధం. తనిఖీలో పట్టుకుంటే జరిమానా వేస్తారు. మనిషికో స్టీలు సీసా పెట్టుకోండి.

సామాను విషయంలో ఒకటే నియమం: ఒళ్ళో పెట్టుకోగలిగినంతే. కొండ రైలు పెట్టెల్లో పెద్ద సూట్‌కేసులకి చోటు లేదు. మనిషికో బ్యాక్‌ప్యాక్ చాలు. అందులో ఒక స్వెటర్, శాలువా, పలుచటి రెయిన్ కోటు, టార్చిలైటు, పెద్దవాళ్ళ మందులు ఉండాలి.

సొంత కారులో పోవాలనుకునేవాళ్ళకి ఒక మాట. 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశం ప్రకారం నీలగిరికి పోయే బయటి వాహనాలకి ఈ-పాస్ కావాలి. రైలులో, ప్రభుత్వ బస్సులో పోయేవాళ్ళకి ఆ బాధ లేదు. కోయంబత్తూరు నుంచి టాక్సీ మాట్లాడుకుంటే మాత్రం పాస్ ఉందా అని డ్రైవరుని ఎక్కకముందే అడగండి.

మెట్టుపాళయంలో ఆ గంట

నీలగిరి ఎక్స్‌ప్రెస్ టైముకి వస్తే చేతిలో యాభై నిమిషాలుంటాయి. దిగగానే చేయాల్సిన మొదటి పని బాత్‌రూమ్. కొండ రైలు పెట్టెల్లో మరుగుదొడ్లు లేవు, ప్రయాణం మూడు గంటల పైన. పిల్లల్ని, పెద్దవాళ్ళని ఇక్కడే తీసుకెళ్ళండి. తర్వాత ఇడ్లీ, కాఫీ. టిఫిన్ పూర్తిగా ఇక్కడే కానిచ్చేయండి, పైన దారిలో దొరికేవి చిరుతిళ్ళే.

మిగిలిన పది నిమిషాలు రైలు చుట్టూ తిరగండి. ఇంజన్ ముందు కాక వెనక చివర ఉంటుంది, పెట్టెల్ని పైకి తోసుకుంటూ పోతుంది. నిటారు దారిలో పెట్టెకీ పెట్టెకీ మధ్య లంకె తెగినా అవి కిందికి జారిపోకుండా ఇంజన్ అడ్డు ఉంటుందన్నదే కారణం. డ్రైవరుకి ముందు దారి కనపడదు కాబట్టి ముందు పెట్టె మీద నిలబడిన బ్రేక్‌మన్ జెండాతో సైగలు చేస్తాడు. ప్రతి పెట్టెకీ ఒక బ్రేక్‌మన్ ఉంటాడు, ఆ పెట్టె బ్రేకు అతని చేతిలోనే.

ముందు పెట్టెలో సీటు వస్తే దారి ఎదురుగా విప్పారుతుంది. వెనక పెట్టె వాళ్ళకి ఇంజన్ చప్పుడు, ఆవిరి, సొరంగంలో కాస్త పొగ. రెండింటికీ దేని రుచి దానిదే.

కొండ ఎక్కేటప్పుడు ఏం గమనించాలి

మొదటి ఎనిమిది కిలోమీటర్లు చదునే, పోకతోటల మధ్య నుంచి. ఈలోగా ఫోటోలు తీసి ఫోన్ బ్యాటరీ అవగొట్టుకోకండి. అసలు దారి కల్లార్‌లో మొదలవుతుంది. అక్కడ రైలు దాదాపు ఆగినట్టే నెమ్మదిస్తుంది. రెండు పట్టాల మధ్యలో మూడో పట్టాలా ఒక ఇనుప వరస మొదలవడం కిందికి చూస్తే కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అది ఒకటి కాదు, పక్కపక్కనే రెండు పళ్ళ కడ్డీలు. ఒకదాని పన్ను ఉన్న చోట పక్కదానికి సందు ఉంటుంది. అలా అమర్చడం వల్ల ఇంజన్ కింద ఉన్న పళ్ళ చక్రానికి ఏ క్షణంలోనైనా ఒక పన్ను పట్టు దొరుకుతుంది. చక్రం పళ్ళు కడ్డీ పళ్ళలో కూర్చున్నప్పుడు ఒక చిన్న కుదుపు, ఆ తర్వాత ఇంజన్ శబ్దమే మారిపోతుంది. దీన్ని ఆబ్ట్ పద్ధతి అంటారు. సుమారు ప్రతి 12 అడుగులకి ఒక అడుగు ఎత్తు చొప్పున ఎక్కాలంటే నున్నటి చక్రాలు నున్నటి పట్టాల మీద జారిపోతాయి, అందుకే ఈ ఏర్పాటు.

ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాల్ని తిప్పుతాయి, మిగతా రెండు పళ్ళ చక్రాన్ని. చదునులో మొదటి రెండే పని చేస్తాయి, కొండ మొదలవగానే వాటిలో వాడిన ఆవిరిని మిగతా రెండింటికి పంపుతారు. కల్లార్ దాటాక చప్పుడు రెండింతలు అయినట్టు వినిపించేది అందుకే. అక్కడి నుంచి వేగం గంటకి 13 కిలోమీటర్లు మించదు.

ఇంజన్ నీళ్ళు బాగా తాగుతుంది కాబట్టి దారిలో నీళ్ళ కోసం ఆగుతూ పోతుంది. వాటిలో హిల్‌గ్రోవ్ పెద్ద మజిలీ. అందరూ దిగి కాళ్ళు చాపుకుంటారు, టీ తాగుతారు. కోతులు చాలా ఎక్కువ. తిరుమల కోతుల్ని చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనపడకూడదు, కిటికీ పక్కన సంచి వదలకూడదు. కూత వినగానే ఎక్కేయండి.

వంతెనల మీద, సొరంగాల్లో తల, చేతులు బయట పెట్టకండి. సొరంగం గోడకీ పెట్టెకీ మధ్య ఖాళీ చాలా తక్కువ.

కూనూరులో ఒకటిన్నర రోజు

కూనూరు రెండు అంతస్తుల ఊరు. రైల్వే స్టేషన్, బస్టాండు, మార్కెట్ ఉన్నది కింది కూనూరులో. అక్కడ గది తీసుకుంటే తెల్లవారుజాము నుంచి బస్సుల హారన్లే. బెడ్‌ఫర్డ్, సిమ్స్ పార్కు వైపు ఉన్న పై కూనూరులో వెతకండి. బుక్ చేసేముందు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయి, అదనపు దుప్పటి ఇస్తారా, ఆటో గుమ్మం దాకా వస్తుందా, గది మధ్యాహ్నం ఇచ్చేట్టయితే ఉదయం పదిన్నరకి సంచులు పెట్టుకోవచ్చా. మూడోది పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి చాలా ముఖ్యం. చాలా బసలు కొండ వాలులో, మెట్ల దారి చివర ఉంటాయి.

శనివారం మధ్యాహ్నం సిమ్స్ పార్కు చాలు. 1874లో మొదలైన ఈ తోట కొండ వాలులోనే మెట్లు మెట్లుగా దిగుతుంది. రుద్రాక్ష చెట్లు, చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్‌లు ఇక్కడ చూడాలి. దగ్గర్లోనే 1907 నాటి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ భవనం, కాస్త ముందుకి నడిస్తే టీ ఫ్యాక్టరీ. ఆకు వాడబెట్టే తొట్ల దగ్గర నుంచి పొడి జల్లించే దాకా చూపిస్తారు. కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మన ఇళ్ళల్లో పాలు పోసి మరిగించే టీకి సీటీసీ రకం, అంటే గుండ్రటి పలుకుల పొడి సరిపోతుంది. ఆకు ఆకుగా ఉండే ఆర్థడాక్స్ రకం పాలు లేకుండా తాగడానికి. దాన్ని పాలలో మరిగిస్తే రంగు దిగదు, ఖరీదైన వాసనా పోతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలిలో తయారైన టీకి వాసన ఎక్కువ.

డాల్ఫిన్స్ నోస్, ల్యాంబ్స్ రాక్ రెండూ ఒకే దారిలో ఉన్నాయి. ల్యాంబ్స్ రాక్ ముందు, డాల్ఫిన్స్ నోస్ ఇంకాస్త లోపల, ఊరికి సుమారు 12 కిలోమీటర్లు. వీటిని శనివారం మధ్యాహ్నానికి పెట్టుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. పొద్దెక్కాక లోయ నుంచి మంచు లేచి మొత్తం కప్పేస్తుంది. టికెట్ కొని తెల్లటి గోడ చూసి రావాలి. ఆదివారం ఉదయం చూసే చోటు తెరిచే వేళకి అక్కడ ఉండేలా బయల్దేరండి. డాల్ఫిన్స్ నోస్ నుంచి లోయకి అవతల కేథరీన్ జలపాతం కనిపిస్తుంది, ఆకాశం తేటగా ఉంటే కింద మైదానం కూడా. ఆటో వాళ్ళు మీటరు వేయరు. విడివిడిగా కాకుండా రెండు చోట్లకీ, ఆగి ఉండే సమయానికీ కలిపి ఒకే ధర ముందు రోజు సాయంత్రమే మాట్లాడుకోండి. మన చిత్తూరు వాళ్ళకి అరవం కొత్త కాదు కాబట్టి బేరం కష్టం కాదు.

ఇంకా రైలు మోజు తీరనివాళ్ళు కూనూరు–ఊటీ మధ్య రోజూ తిరిగే రైళ్ళలో ఒకటి పట్టుకుని కేటి స్టేషన్ దాకా పోయి రావచ్చు. తేయాకు, క్యారెట్ తోటల మధ్య ఆ లోయ చూడదగ్గది. తిరుగు రైలు టైము చూసుకున్నాకే దిగండి.

ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా

ఊటీలో రెండింటికి బయల్దేరిన కొండ రైలు మూడింటి ప్రాంతంలో కూనూరు వస్తుంది. రెండున్నరకే స్టేషన్లో ఉండండి. డీజిల్ ఇంజన్ తీసి ఆవిరి ఇంజన్ తగిలించడం ప్లాట్‌ఫాం మీద నుంచే చూడవచ్చు. కిందికి దిగేటప్పుడు ఇంజన్ లాగేదేమీ ఉండదు, వేగం పెరగకుండా ఆపుతూ వస్తుంది.

పొద్దున కూనూరులో వాన ఉంటే పదకొండింటికల్లా రైలు నడుస్తోందో లేదో స్టేషన్‌కి వెళ్ళి కనుక్కోండి. రద్దయితే వెంటనే బస్టాండుకి. మెట్టుపాళయానికి బస్సులు తరచుగా ఉంటాయి, 14 హెయిర్‌పిన్ మలుపులతో గంటన్నర దారి. కడుపులో తిప్పే వాళ్ళు భోజనం తేలిగ్గా చేసి, గంట ముందే వాంతుల మాత్ర వేసుకోవాలి.

కొండ రైలు సాయంత్రం ఐదున్నర దాటాక మెట్టుపాళయం చేరుస్తుంది. నీలగిరి ఎక్స్‌ప్రెస్ రాత్రి తొమ్మిదింబావు తర్వాతే. సామాను స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒకరి కాపలాలో ఉంచి, మిగతావాళ్ళు ఊళ్ళో భోజనం చేసి రావచ్చు. స్వెటర్లు ఇక్కడే సంచిలో పెట్టేయండి, కింద ఉక్కపోతే.

రైలు కాట్పాడికి తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో వస్తుంది, ఆగేది కొద్ది నిమిషాలే, నిద్రపోతే అరక్కోణంలో తేలతారు. మూడున్నరకి అలారం, జోలార్‌పేట దాటాక ఫోన్‌లో రైలు ఎక్కడుందో ఒకసారి చూసుకోవడం రెండూ చేయండి. దిగాక వెలుతురు వచ్చేదాకా స్టేషన్లోనే కూర్చుని, చిత్తూరు వైపు బస్సు పట్టుకోండి. చిత్తూరు వాళ్ళు ఏడు లోపు, తిరుపతి వాళ్ళు తొమ్మిది లోపు ఇంట్లో ఉంటారు.